ముద్దు మనది, మోత దానిది

2024 సెప్టెంబరులో రష్యాలోని పెర్మ్ నగరం నుంచి ఒక పిల్లి కబురు ప్రపంచమంతా తిరిగింది. పేరు క్రోషిక్. బరువు సుమారు 17 కిలోలు. ఒక ఆస్పత్రి సెల్లార్‌లో ఉండేవాడట. అక్కడివాళ్లు ప్రేమ కొద్దీ బిస్కెట్లు, సూపు పెట్టి పెట్టి ఆ స్థితికి తెచ్చారు. నడవలేకపోతున్నవాణ్ని మాట్రోస్కిన్ అనే జంతు సంరక్షణ కేంద్రం వాళ్లు తీసుకెళ్లి బరువు తగ్గించే పని మొదలుపెట్టారు. అక్కడ తప్పించుకోబోయి చెప్పుల స్టాండులో ఇరుక్కుపోయాడన్న వార్త ఫొటోలతో సహా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. "ఎత్తుకుని ముద్దులాడాలనిపిస్తోంది" అని మా చిన్నత్త రాసింది.

అక్టోబరు చివర్లో క్రోషిక్ చనిపోయాడు. ఒంట్లో కేన్సర్ గడ్డలున్నాయని, అంత కొవ్వు అడ్డం ఉండటంతో స్కానింగ్‌లో అవి కనపడలేదని వార్తల్లో వచ్చింది. ఆ వార్త మా గ్రూపులో ఎవరూ పెట్టలేదు. కేన్సర్ కొవ్వు వల్లే వచ్చిందని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ కొవ్వు జబ్బును దాచిందన్న మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది.

లావు పిల్లి ముద్దుగా ఉంటుందా, అనారోగ్యంగా ఉంటుందా అని చాలామంది వాదించుకుంటారు. నా మట్టుకు అది రెండింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న కాదు. లావు పిల్లి ముద్దుగానే ఉంటుంది. గుండ్రటి మొహం, పొట్టిగా కనిపించే కాళ్లు, దొర్లినట్టుండే నడక చూస్తే ఎవరికైనా పసిబిడ్డను చూసినట్టే ఉంటుంది, అందులో తప్పేం లేదు. అసలు చిక్కల్లా ఆ ముద్దు మాటునే జబ్బు ఏళ్ల తరబడి ఎవరికీ కనపడకుండా పెరగడం. బక్కచిక్కిన పిల్లిని చూస్తే మనం వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెడతాం. లావెక్కిన పిల్లిని చూస్తే ఫోను తీసి ఫొటో కొడతాం. ఆ తేడా గురించే ఈ పోస్టు.

పై ఫ్లోర్ జున్ను

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ ఆంటీ దగ్గర జున్ను అని ఒక పర్షియన్ పిల్లి ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో వాళ్లబ్బాయి తెచ్చుకున్నాడు. తర్వాత అతను ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లిపోయాడు, జున్ను ఆంటీ దగ్గర ఉండిపోయాడు. రోజూ వీడియో కాల్‌లో ముందు జున్నుని చూపించాలి, ఆ తర్వాతే తల్లీకొడుకుల కబుర్లు. "చూడరా మీవాణ్ని, ఎలా తయారయ్యాడో" అంటూ ఆవిడ రెండు చేతులతో ఎత్తి ఫోను ముందు పెడితే, వాడి పొట్ట ఆవిడ మోచేతుల మీంచి కిందికి జారుతూ ఉంటుంది.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "ఆంటీ, వీడు బాగా బరువెక్కాడు. ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామా?"

ఆవిడ మొహం మారిపోయింది. "అలా అనకమ్మా, దిష్టి తగులుతుంది. తింటున్నాడు, హాయిగా పడుకుంటున్నాడు. ఇంకేం కావాలి వాడికి?" అన్నారు. ఆ సాయంత్రం ఉప్పు తిప్పి వాడికి దిష్టి తీశారని వాళ్లింట్లో పనిచేసే అమ్మాయి చెప్పింది.

నాకు కోపం రాలేదు. దూరాన ఉన్న కొడుక్కి పెట్టుకోలేని ముద్దలన్నీ ఆ పిల్లికి పెట్టుకుంటున్న తల్లి ఆవిడ. మన ఇళ్లలో ప్రేమ మొదలయ్యేదే "తిన్నావా" అన్న పలకరింపుతో. ఒళ్లు చేయడం మనకు తరతరాలుగా సుఖానికి గుర్తు, చిక్కిపోవడం దిగులుకి గుర్తు. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషితో "మీ పిల్లి లావైంది" అంటే, "మీ ఇంట్లో సుఖంగా ఉంది" అన్నట్టే వినపడుతుంది, ఆ సుఖానికి మనం కన్నేసినట్టూ అనిపిస్తుంది. ఇలాంటి మాట ఎత్తేటప్పుడు ఎదుటివాళ్ల ప్రేమను తప్పు పట్టకుండా మాట్లాడటం చాలా ముఖ్యమని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా జున్నుని గమనిస్తూ వచ్చాను. కిటికీ గట్టు మీద కూర్చుని పావురాల్ని చూడటం వాడికి ప్రాణం. ఇదివరకు నేల మీంచి ఒక్క దూకులో గట్టెక్కేవాడు. ఇప్పుడు ముందు సోఫా దగ్గర ఆగుతాడు. పైకి చూస్తాడు. ముందు కాళ్లు సోఫా మీద వేసి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ ఎక్కుతాడు. అక్కడ కాసేపు కూలబడతాడు. మళ్లీ గట్టు వైపు చూస్తాడు. చాలాసార్లు అక్కడితోనే సరిపెట్టుకుని పడుకునేవాడు. "వీడికి బద్ధకం ఎక్కువైంది" అనేవారు ఆంటీ, నవ్వుతూ వీపు నిమురుతూ.

ఆ నిమరడంలోనే విషయం బయటపడింది. తోక మొదలు దగ్గర, నడుం కింద వెంట్రుకలు ఉండలు కట్టేసి, దువ్వెన దిగనంత గట్టిపడిపోయాయి. పిల్లి రోజులో ఎంతో సమయం ఒళ్లు నాక్కుంటూ శుభ్రం చేసుకుంటుంది, అది దాని స్వభావం. పొట్ట అడ్డం వచ్చి మెడ అక్కడిదాకా తిరగకపోతే ఆ భాగం అలాగే ఉండిపోతుంది. ఉండల కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది, చెయ్యి వేస్తే ఒళ్లు ముడుచుకున్నాడు. ఆ ఉండలు తీయించడానికని చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. తూకంలో 7.1 కిలోలు వచ్చాడు. తుంటి ఎక్స్‌రేలో కీళ్లు అరగడం మొదలైందని తేలింది. వాడిది బద్ధకం కాదు, నొప్పి.

పిల్లి నొప్పిని బయటపెట్టదు. కుక్కలా కుంటుతూ వచ్చి మన కాళ్ల దగ్గర మూలగదు. చేసే పనులు ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోతుంది, అంతే. దూకడం మానేస్తుంది, ఆడటం మానేస్తుంది, ఒళ్లు కడుక్కోవడం మానేస్తుంది. అలా ఎప్పుడూ సోఫాలో పడుకుని ఉండే గుండ్రటి పిల్లిని చూసి మనం "ఎంత ప్రశాంతంగా ఉందో" అనుకుంటాం.

కిలో అంటే ఎంత

"ఒక్క కిలో ఎక్కువైతే ఏమవుతుంది?" అని అడిగేవాళ్లు చాలామంది. మామూలు ఇంటి పిల్లి 4 కిలోల పైచిలుకు ఉంటుంది. దానికి కిలో పెరగడమంటే ఒంట్లో పాతిక శాతం పెరగడం. 60 కిలోల మనిషికి 15 కిలోలు పెరిగినట్టు. జున్ను ఒడ్డూ పొడుగూ చూసి వాడు 5 కిలోలుంటే చాలని డాక్టర్ అన్నారు. అంటే 2 కిలోల పైన మోస్తున్నాడు. ఆ సైజు ఎముకల మీద, ఆ చిన్న కీళ్ల మీద.

అయితే తూకం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మెయిన్ కూన్ జాతి మగపిల్లి 8 కిలోలున్నా ఏ కొవ్వూ లేకుండా ఉండొచ్చు. అందుకే డాక్టర్లు 1 నుంచి 9 దాకా ఒక లెక్క వాడతారు. 5 సరైనది, 1 ఎముకల గూడు, 9 బాగా స్థూలకాయం. ఇంట్లో మనమూ చూసుకోవచ్చు. రెండు చేతులూ పక్కటెముకల మీద వేసి మెల్లగా నిమిరితే ఎముకలు వేళ్లకు తెలియాలి. నొక్కి నొక్కి వెతుక్కోవాల్సి వస్తే కొవ్వు ఎక్కువైనట్టే. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుం కాస్త లోపలికి పోవాలి. పర్షియన్లకు బొచ్చు ఒత్తుగా ఉంటుంది కాబట్టి కళ్లను నమ్మడానికి లేదు, చేత్తోనే చూడాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అనవసరంగా కంగారు పడేవాళ్లనూ చూశాను. చాలా పిల్లులకు వెనక కాళ్ల ముందు, పొట్ట కింద వదులుగా ఒక చర్మపు సంచి వేలాడుతూ నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. సన్నటి పిల్లులకూ ఉంటుంది. మా ఇంట్లో ఉన్న నాటు పిల్లి మల్లికీ ఉంది, దాని నడుం చూస్తే ఈనెపుల్లే. ఆ సంచి లావుకు గుర్తు కాదు, పిల్లులకు సహజంగా ఉండే ఒంటి తీరు. దాన్ని చూసి తిండి తగ్గించకండి.

గిన్నెలో లెక్క

పిల్లి లావెందుకు అవుతుందన్న దాంట్లో పెద్ద మర్మమేమీ లేదు. 4 కిలోల పిల్లి ఇంట్లో తిరుగుతూ బతకడానికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. బయట బతికే పిల్లి లెక్కలో చూస్తే, ఒక చిట్టెలుకలో దాదాపు 30 కేలరీలుంటాయి. అంటే రోజుకు ఆరేడు ఎలుకలు, ఒక్కో ఎలుక కోసం మాటు వేసి, పరిగెత్తి, చాలాసార్లు విఫలమై తినాలి. మన అపార్ట్‌మెంట్‌లో గిన్నె ఎప్పుడూ నిండి ఉంటుంది, వేట లేదు.

జున్ను గిన్నెలో పొద్దున్నే ఒక స్టీలు గ్లాసుడు డ్రై ఫుడ్ పడేది. తూచి చూస్తే 90 గ్రాములు. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో 350 నుంచి 400 కేలరీలుంటాయి కాబట్టి, ఆ గ్లాసుతోనే రోజుకు కావలసినదానికి మించి వెళ్లిపోయేది. దాని పైన సాయంత్రం చిన్న గ్లాసుడు గేదె పాలు. 100 మిల్లీలీటర్ల గేదె పాలంటే దగ్గర దగ్గర 100 కేలరీలు, పిల్లికి సగం రోజు తిండి. రాత్రి ఆంటీ భోజనం చేస్తుంటే పక్కనే కూర్చుంటాడు కాబట్టి నెయ్యి వేసిన పప్పన్నంలో ఒక ముద్ద. చెంచాడు నెయ్యిలో 45 కేలరీలు. ఏ ఒక్కటీ చూడటానికి ఎక్కువ అనిపించదు. నెయ్యి ముద్ద పెట్టేటప్పుడు ఆవిడ వేళ్ల చివర ఉండేది గోళీ అంత ముద్దే. కానీ రోజుకు 10 కేలరీలు అదనంగా ఒంటికి పట్టినా ఏడాది తిరిగేసరికి అర కిలో దగ్గరికి వస్తుంది.

పాల గురించి వేరే చెప్పాలి. పిల్లికి పాలు పోయడం మనకు ఆచారం లాంటిది. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. అరిగినా అది వాటికి అవసరం లేని తిండి. పెరుగన్నం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పిల్లి పూర్తి మాంసాహారి. తీపి రుచి తెలిపే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేలింది. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం పిల్లికి తిండి ద్వారానే అందాలి. అది చాలకపోతే పిల్లుల గుండె కండరం పలచబడి దెబ్బతింటుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు నిరూపించారు, చూపు కూడా పోవచ్చు. కాబట్టి పెరుగన్నం, పాలు మీదే పెరిగిన పిల్లి గుండ్రంగా ఉంటూనే గుండెకు కావలసింది అందని పిల్లి కావచ్చు. శాకాహారుల ఇళ్లలో పిల్లుల్ని పెంచుకునే స్నేహితులు నాకున్నారు, వాళ్ల మీద గౌరవం కూడా ఉంది. ఇంట్లో మాంసం వండనక్కర్లేదు, పిల్లుల కోసం తయారైన తిండి కొని పెట్టండి. పెరుగన్నంతో మాత్రం పెంచొద్దు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక లావెక్కుతాయన్న మాట నిజమే. ఆకలి పెరుగుతుంది, కావలసిన శక్తి తగ్గుతుంది. దానికి జవాబు ఆపరేషన్ మానేయడం కాదు, ఆ వారం నుంచే కొలత తగ్గించడం.

ఒంట్లో జరిగేది

1998లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో స్థూలకాయమున్న పిల్లులకు షుగర్ వచ్చే ముప్పు సరైన బరువున్నవాటి కంటే దాదాపు 4 రెట్లు ఉందని, కాళ్లు కుంటడంతో డాక్టర్ దగ్గరికి రావలసిన అవసరం దాదాపు 5 రెట్లు ఉందని తేలింది. షుగర్ వచ్చిన పిల్లికి సాధారణంగా రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది వేయాలి. తొందరగా గుర్తించి, బరువు తగ్గించి, తిండి మారిస్తే కొన్నిటికి సూది అవసరం తప్పిపోతుంది కూడా. మన ఇళ్లలో షుగర్ లేని కుటుంబం లేదు. నాన్నకు ఇన్సులిన్ వేయడం మర్చిపోతే ఇంట్లో ఎంత టెన్షన్ పడతామో తెలిసినవాళ్లకు పిల్లి షుగర్ గురించి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది కాలేయం విషయంలో. మనిషి రెండు రోజులు ఉపవాసం ఉంటే నీరసపడతాడు, తిరిగి తింటే కోలుకుంటాడు. లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి ముట్టకపోతే ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయంలో పేరుకుపోవచ్చు. పిల్లి కాలేయం దాన్ని తట్టుకోలేదు. కామెర్లు వచ్చి, చెవుల లోపలి భాగం, కంటి తెల్లగుడ్డు పచ్చబడతాయి. ఆస్పత్రిలో ట్యూబు వేసి వారాల తరబడి తిండి ఎక్కించకపోతే ప్రాణం దక్కడం కష్టం. దీనికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, సంక్రాంతికి ఊరెళ్తూ ఎవరింట్లోనో వదిలేయడం, పంటినొప్పి, ఇలా దేనికైనా పిల్లి అలిగి తిండి మానేయొచ్చు. సన్నటి పిల్లికి కూడా అది మంచిది కాదు, కానీ లావు పిల్లికి ప్రాణం మీదికి వస్తుంది. "దానికేంటి, నాలుగు రోజులకు సరిపడా కొవ్వుంది" అనుకునేది ఎవరైనా ఉంటే ఆ ఆలోచన ఇప్పుడే వదిలేయండి.

అందుకే లావుగా ఉందని తెలియగానే తిండి కట్టేయడం అన్నిటికంటే ప్రమాదం. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి 2 శాతం లోపే తగ్గాలి. జున్ను లాంటి 7 కిలోల పిల్లికి వారానికి 70 గ్రాములు తగ్గితే బాగా తగ్గినట్టు. ఆ లెక్కన 2 కిలోలు దిగడానికి దాదాపు ఏడు నెలలు పడుతుంది. పెరిగిన బరువు నిమిషంలో కనపడదు, తగ్గే బరువూ అంతే.

కాదనలేని మాటలు

ఇంత చెప్పాక, నా వాదనకు ఎదురు నిలిచే మాటలు కూడా ఉన్నాయి. వాటిని దాటేసి వెళ్లడం నాకిష్టం లేదు.

మొదటిది పరిశోధన నుంచే. 2018లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లులకే ప్రత్యేకమైన ఒక ఆస్పత్రి రికార్డులను పరిశీలించారు. డాక్టర్లు వాడే ఆ 1 నుంచి 9 లెక్కలో 6 దాకా చేరిన పిల్లులు, అంటే కాస్త బొద్దుగా ఉన్నవి, బాగానే ఎక్కువ కాలం బతికాయి. ఆయుష్షు తగ్గింది బాగా బక్కచిక్కినవాటికి, 9 దాకా వెళ్లినవాటికి. ముసలి పిల్లి విషయంలో ఇది ఇంకా నిజం. పదేళ్లు దాటిన పిల్లి ఉన్నట్టుండి చిక్కిపోతే కిడ్నీలో, థైరాయిడ్‌లో తేడా ఉందేమో వెంటనే చూపించాలి. కాబట్టి ప్రతి పిల్లీ సన్నగా మెరుపుతీగలా ఉండాలని నేననడం లేదు. కాస్త బొద్దుతనంతో నాకు పేచీ లేదు. నా పేచీ 8, 9 దగ్గరున్న పిల్లిని చూసి మురిసిపోవడంతో.

రెండో మాట ఒక స్నేహితురాలు అన్నది, నన్ను బాగా ఆలోచింపజేసింది. ఆమె కూకట్‌పల్లిలో వీధి పిల్లులకు ఆపరేషన్లు చేయించే పని చేస్తుంది. "మా వీధిలో పిల్లులు తినడానికి లేక చెత్తకుండీలో చికెన్ ఎముకలు ఏరుకుంటున్నాయి. సగం పిల్లకూనలు బళ్ల కింద పోతాయి. నువ్వు ఎక్కువ తిన్న పర్షియన్ గురించి రాస్తావా?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. సమయం, డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే నేనూ వీధి పిల్లులకే పెట్టమంటాను. కానీ లావు పిల్లి బరువు తగ్గించడానికి డబ్బు అక్కర్లేదు, పైగా తిండి ఖర్చు మిగులుతుంది. జున్ను గ్లాసులోంచి తగ్గిన తిండితో ఆమె వీధిలో ఇంకో పిల్లి కడుపు నిండుతుంది.

మూడోది, మనుషుల్ని ఒంటిని బట్టి ఎగతాళి చేయడం తప్పని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం, పిల్లుల్ని మాత్రం లావు లావు అని ఎందుకనడం అంటారు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం నాకు సరిగా అనిపించదు. లావుగా ఉన్న మనిషికి తన ఒళ్లు తనది, ఏం తినాలో ఎలా బతకాలో తన ఇష్టం. పిల్లికి ఆ ఇష్టం లేదు. డబ్బా మూత తీసేది మనం, బాల్కనీకి వల కట్టి బయటికి పోనివ్వనిది మనం. దాని ఒంటి బాధ్యత మొత్తం మనదే. నిజానికి లావు పిల్లిని ఎగతాళి చేస్తున్నది దాని వీడియో చూసి నవ్వేవాళ్లే, దాని బరువు తూచమనేవాళ్లు కాదు.

నవ్వులు, లైకులు

2019లో మాస్కో మీదుగా వ్లాదివొస్తోక్ వెళ్తున్న ఒకతను తన పిల్లి విక్టర్‌ను విమానంలో తన పక్కనే పెట్టుకోవాలనుకున్నాడు. రష్యా విమాన సంస్థ ఏరోఫ్లోట్ అప్పటి నిబంధన ప్రకారం 8 కిలోలు దాటితే సామానుతో పాటు కింద పెట్టాలి. విక్టర్ 10 కిలోలు. అతను విక్టర్‌లా ఉండే తేలికపాటి పిల్లిని వెతికి తెచ్చి, తూకంలో దాన్ని పెట్టి, తర్వాత మార్చేశాడు. సంగతి బయటపడ్డాక కంపెనీ అతను ప్రయాణాలతో కూడబెట్టుకున్న మైళ్లన్నీ (టికెట్లకు పనికొచ్చే పాయింట్లు) రద్దు చేసింది, లోకమంతా అతని వైపు నిలబడింది. నేనూ అతని వైపే. చీకటి గదిలో, సామాన్ల మధ్య అంతసేపు తన పిల్లిని ఒంటరిగా పంపనన్నవాణ్ని ఎవరు తప్పు పడతారు? కానీ ఆ కథంతా చెప్పుకున్న రోజుల్లో 10 కిలోలన్న అంకె మీద నేను చూసినంతలో ఎవరూ ఆగలేదు. అది కథలో ఒక సరదా వివరంగా వెళ్లిపోయింది.

గిన్నిస్ రికార్డుల వాళ్లు ఈ విషయంలో మంచి పని చేశారు. ఆస్ట్రేలియాలోని హిమ్మీ అనే పిల్లి 21.3 కిలోలతో అత్యంత బరువైన పిల్లిగా రికార్డుకెక్కింది, 1986లో చనిపోయింది. ఆ తర్వాత ఆ రికార్డునే ఆపేశారు, జనం కావాలని పిల్లులకు తిండి కుక్కుతారన్న భయంతో. బహుమతి ఉంటే పోటీ ఉంటుందని వాళ్లు గ్రహించారు. ఇప్పుడు ఆ బహుమతి లైకుల రూపంలో మన ఫోన్లలో ఉంది. లావు పిల్లి రీల్స్ కింద వచ్చే కామెంట్లలో ఎన్ని హృదయాలున్నాయో చూడండి.

దీనికి కూడా రెండో వైపు ఉందని ఒప్పుకోవాలి. 2019లో ఫిలడెల్ఫియాలోని ఒక సంరక్షణ కేంద్రం సుమారు 12 కిలోల పిల్లి ఫొటో పెడితే దాన్ని పెంచుకుంటామంటూ వచ్చినవాళ్ల తాకిడికి వాళ్ల వెబ్‌సైటే ఆగిపోయింది. 2023లో అమెరికాలోనే రిచ్‌మండ్‌లో ప్యాచెస్ అనే 18 కిలోల పైచిలుకు పిల్లికి అలాగే ఇల్లు దొరికింది. ముద్దుగా లేకపోతే ఆ పిల్లుల్ని ఎవరు చూసేవారు? ప్యాచెస్‌ని తీసుకెళ్లినావిడ మాత్రం వాడి బరువు తగ్గుతున్న తీరును ఎప్పటికప్పుడు పంచుకుంటూ వచ్చారు, దాన్ని కూడా జనం ఆసక్తిగానే చూశారు. నాకు కావలసింది అదే. లావు పిల్లిని చూపించొద్దని నేననను. చూపించండి, తర్వాత ఏమైందో కూడా చూపించండి.

అమెరికాలో పెంపుడు జంతువుల స్థూలకాయం మీద పనిచేసే సంఘం 2022లో చేసిన సర్వేలో అక్కడి పిల్లుల్లో 61 శాతం ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నాయి. సగానికి పైగా అలా ఉన్నప్పుడు లావు పిల్లే మామూలు పిల్లిలా కనపడటం మొదలవుతుంది, మామూలు పిల్లి మనకు బక్కగా కనపడుతుంది. మా మల్లిని చూసి "దీనికి సరిగా పెట్టట్లేదా?" అని అడిగినవాళ్లున్నారు. మల్లి 3.6 కిలోలు, డాక్టర్ లెక్కలో సరిగ్గా 5.

జున్ను ఇప్పుడు 6.3 దగ్గరున్నాడు. స్టీలు గ్లాసు పోయి వంటింటి తూకం వచ్చింది. రోజుకు 50 గ్రాములు, నాలుగు వాయిదాల్లో. కొంత తిండి పాత గుడ్డముక్కల మడతల్లో దాచిపెడితే వాడే వెతుక్కుని తింటాడు. తెల్లవారుజామున వంటింటి తలుపు దగ్గర అరుస్తాడు, ఆంటీకి నిద్ర పాడవుతోంది. సాయంత్రం పాల దగ్గర మాకు ఇంకా తేలలేదు. ఆవిడ చెంచాడు అంటారు, నేను అసలు వద్దంటాను, డాక్టర్ నవ్వి చెంచాడు పర్లేదన్నారు కాబట్టి ప్రస్తుతానికి ఆవిడ మాటే నెగ్గింది. కిటికీ గట్టు దాకా ఒక చిన్న స్టూలు వేశాం. ఆంటీ వేసవిలో కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు జున్ను మా ఇంట్లో ఉంటాడు. బెంగతో తిండి మానేస్తాడేమోనని నాకిప్పటి నుంచే భయంగా ఉంది, అందుకే వారం ముందు నుంచే వాణ్ని పగలు మా ఇంటికి తెచ్చి అలవాటు చేయాలనుకుంటున్నాం.

ఈ పనిలో నన్ను బాగా కలిచివేసింది వాడి టీకా పుస్తకం. ఏటా టీకాకి వెళ్లినప్పుడల్లా ఒక మూల బరువు రాసి ఉంది. 3.9. తర్వాతి ఏడు 4.8. ఆ తర్వాత 5.9. ఆ పైన 6.6. చివరగా 7.1. అన్నీ చక్కటి చేతిరాతలో, ఒకదాని కింద ఒకటి. రాసిన డాక్టర్లు గానీ ఆంటీ గానీ ఆ అంకెల్ని ఒక్కసారి పైనుంచి కిందికి చదవలేదు. డాక్టర్లు కూడా ఈ మాట చెప్పడానికి మొహమాటపడతారని నా అనుమానం. టీకా వేయించుకోవడానికి వచ్చినవాళ్ల పిల్లిని లావంటే నొచ్చుకుంటారని, ఇంకో క్లినిక్‌కి వెళ్లిపోతారని. మనం అడిగితే మాత్రం తప్పకుండా చెప్తారు. తర్వాతిసారి టీకాకి వెళ్లినప్పుడు 9లో ఎంత అని అడగండి, ఆ అంకెను బరువు పక్కనే రాయించండి. 7 గానీ ఆ పైన గానీ ఉంటే, రోజుకు ఎన్ని గ్రాములు పెట్టాలో, ఎన్ని వారాలకు మళ్లీ తూచాలో కూడా అక్కడే రాయించుకుని రండి.